కస్టమర్ ఫోటో పంపి "ఇలాంటి చీర ఉందా" అంటారు – మోడల్ చూపించేది ఒకటి, కంటికి ఆనేది ఇంకొకటి

బీచ్‌రోడ్_బాలు
మా బావకి వైజాగ్‌లో చీరల షాపు ఉంది. స్టాకంతా ఫోటోలు తీయించి పెట్టాం, ఎనిమిది వేల దాకా ఉంటాయి. ఈ మధ్య కస్టమర్లు షాపుకి రాకముందే వాట్సాప్‌లో ఒక ఫోటో పడేసి "ఇలాంటిది ఉందా?" అని అడుగుతున్నారు. పెళ్ళిలో ఎవరో కట్టుకున్నదో, ఇన్‌స్టాలో కనబడ్డదో. కౌంటర్లో అమ్మాయిలు ఆల్బమ్ పైకీ కిందకీ జరుపుకుంటూ కూర్చుంటున్నారు. అందుకని ఫోటో ఇస్తే దానికి దగ్గరగా ఉన్న పది చీరలు చూపించే ప్రోగ్రామ్ రాశాను. రెడీమేడ్‌గా దొరికే ఇమేజ్ మోడల్‌తో ప్రతి ఫోటోకి ఒక వెక్టర్ (ఫోటోని వర్ణించే అంకెల వరస) తీసి, దేనికి ఏది దగ్గరో లెక్క కట్టడం. అంతే.

నెమలికంఠం రంగు, సన్న జరీ అంచు ఉన్న పట్టుచీర ఫోటో ఇస్తే సగానికి పైగా వచ్చినవి అదే పోజులో నిలబడ్డ అమ్మాయిల ఫోటోలు. చీరలు చూస్తే ఒకటి గులాబీ, ఒకటి నలుపు. షాపులో సీనియర్ సేల్స్ ఆవిడ ఒక్క చూపులో రాక్‌లోంచి లాగిన చీర నా లిస్టులో ఎక్కడో అడుగున ఉంది.

మోడల్ తీసేసి ఉత్త రంగులతో పోల్చి చూశాను. రంగు కలుస్తోంది కానీ పట్టు అడిగితే షిఫాన్ వస్తోంది, సన్న అంచు అడిగితే జానెడు అంచు వస్తోంది. మనిషి కన్ను పోల్చినట్టు యంత్రం పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_గిరి
ముందు మనుషుల్ని కత్తిరించెయ్. చీర వరకే ఉంచి వెక్టర్ తియ్యి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

అనకాపల్లి_బెల్లం
పోజు నచ్చి పోజులే చూపిస్తోందన్నమాట. పెళ్ళి సంబంధాల సైట్‌కి పెట్టుకోండి బాలు గారూ, బ్రహ్మాండంగా పనికొస్తుంది.

పిక్సెల్_పంతులు
బాలు గారి రెండు ప్రయత్నాలూ ఈ రంగం చరిత్రలో రెండు చివరలు. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఉత్త రంగులతో పోల్చడం 1991లో స్వెయిన్, బల్లార్డ్ ఇద్దరూ చెప్పిన పద్ధతి. ఫోటోలో ఏ రంగు ఎంత ఉందో లెక్కేసి హిస్టోగ్రామ్ గీస్తారు. రెండు ఫోటోల హిస్టోగ్రామ్‌లు ఒకదానిమీద ఒకటి ఎంత మేరకు కలుస్తున్నాయో అదే పోలిక. తేలిక, వేగం. కానీ రంగు ఎంతుందో తెలుస్తుంది తప్ప ఎక్కడుందో తెలియదు. అంచులో ఉన్న ఆకుపచ్చా, ఒళ్ళంతా చల్లిన బుటాల ఆకుపచ్చా దానికి ఒకటే. భీమిలి ఎర్రమట్టి దిబ్బల ఫోటో ఇస్తే ఇటుకబట్టీ ఫోటో తెచ్చి పక్కన పెడుతుంది. 1990ల్లో ఐబీఎం వాళ్ళు క్యూబిక్ అనే సిస్టమ్ తయారుచేశారు. దాంట్లో రంగుతో పాటు నేత తీరు, ఆకారం కూడా కలిపారు. ఇదే తోవలో చాలామంది నడిచాక 2000లో స్మౌల్డర్స్ బృందం అప్పటిదాకా జరిగినదంతా సమీక్షించి, పిక్సెళ్ళలో ఉన్నదానికీ మనిషి ఆ బొమ్మలో చూసేదానికీ మధ్య పెద్ద అగాధం ఉందని తేల్చింది.

మీ రెడీమేడ్ మోడల్ ఆ అగాధం అవతలి ఒడ్డున ఉంది. ఫోటోలో "ఏముంది" అన్నది గుర్తుపట్టడం దాని చదువు. అమ్మాయి, నిలబడటం, చీర, స్టూడియో. ఆ లెక్కన అది ఇచ్చిన జవాబు తప్పేమీ కాదు. మీకు కావలసింది "ఎలా కనబడుతోంది" అన్నది. దానికి మధ్యలో ఎక్కడో నిలబడాలి.

బీచ్‌రోడ్_బాలు
@పిక్సెల్_పంతులు మధ్యలో ఎక్కడ అన్నదే నా ప్రశ్న సార్. @గాజువాక_గిరి కత్తిరించి చూశాను అన్నా. పోజుల గోల తగ్గింది. కానీ ఇప్పుడు ఇక్కత్ అడిగితే ఇక్కత్ ప్రింటు వేసిన సిల్క్ వస్తోంది. షాపు ఆవిడ ఫోన్ చూసి నవ్వారు.

కొంగు_అంచు
నవ్వక ఏంచేస్తారు. నేను కౌంటర్ వెనకాల చాలా ఏళ్ళు నిలబడ్డదాన్ని, నేనైనా నవ్వేదాన్నే.

అసలు ఇక్కత్‌లో నూలుని ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు, నేత ఆ తర్వాత. అందుకని డిజైన్ గీత ఎక్కడా కత్తితో కోసినట్టు ఉండదు. పక్క రంగులోకి కొంచెం పాకినట్టు, ఈక అంచులా ఉంటుంది. ప్రింటు చీరలో గీత స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది. చీర తిరగేస్తే ప్రింటుకి వెనకవైపు వెలిసిపోయి ఉంటుంది, ఇక్కత్‌కి రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఫోటోలో తిరగేయలేం కాబట్టి ఆ గీత అంచు ఒక్కటే ఆధారం. మేము చూసేది అదే.

ఇంకోటి. కస్టమర్ ఫోటో చూపించగానే మేము అడిగే మొదటి మాట "రంగు కావాలా అమ్మా, డిజైన్ కావాలా" అని. ఆ ఒక్క ప్రశ్న మీద ఏ రాక్ దగ్గరికి వెళ్ళాలో తేలిపోతుంది. మీ ప్రోగ్రామ్ ఆ ప్రశ్న అడుగుతోందా బాబూ?

పిక్సెల్_పంతులు
కొంగు_అంచు గారు రాసింది నా క్లాసులో చదివి వినిపించాలి. ఆవిడ చూసే "పాకిన గీత" కి మా లెక్కల్లో పేరుంది, అంచు వాలు. రంగు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్క పిక్సెల్‌లో మారిందా, ఐదారు పిక్సెళ్ళలో మెల్లగా మారిందా అన్నది కొలవొచ్చు. అది కొలిచి పోలికలో వాడే ఒక గుణంగా (ఫీచర్‌గా) పెడితే ప్రింటునీ నేతనీ చాలావరకు విడదీయొచ్చు. అయితే ఫోటో పదునుగా ఉండాలి. ఫోకస్ తప్పిన ఫోటోలో ప్రింటు కూడా ఇక్కత్‌లాగే కనబడుతుంది.

కెమెరా_కిషోర్
ఫోటోల మాట వచ్చింది కాబట్టి నేను దూరుతున్నా. బట్టల ఫోటోలు తీయడమే నా పని.

బాలు, మీ ఎనిమిది వేల ఫోటోలూ ఒకే లైటు కింద తీశారా? ఫోన్‌ని ఆటో వైట్ బ్యాలెన్స్‌లో, అంటే లైటుని బట్టి రంగుల్ని తనే సరిచేసుకునే సెట్టింగ్‌లో, వదిలేసి ఉంటే మీ డేటాబేస్‌లో రంగు అన్నది నమ్మదగ్గ విషయమే కాదు. ఫ్రేమంతా పసుపు చీర నిండితే ఫోన్ "ఇక్కడ లైటు పసుపుగా ఉంది" అనుకుని మొత్తాన్ని నీలం వైపు లాగుతుంది. అదే చీర పక్కన తెల్ల గోడ ఉంటే ఇంకో రంగు. మన కన్ను ట్యూబ్‌లైటు కిందా, సాయంత్రం ఎండలోనూ ఆ చీరని పసుపుగానే చూస్తుంది, లైటుని తనే తీసేసుకుంటుంది. కెమెరాకి ఆ తెలివి అరకొర.

షాపు లైటు సంగతి ఇంకా ఘోరం. చవక ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు భాగం తక్కువ ఉంటుంది. మెరూన్ చీర కాఫీపొడి రంగులో కనిపిస్తుంది. ఆడవాళ్ళు చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూసుకునేది ఊరికే కాదు. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్క చక్కగా కలిసిందని కొనుక్కుని, బయటికొచ్చాక కలవలేదని వెనక్కి వచ్చేవాళ్ళని చూడండి. రెండు అద్దకాలు ఒక లైటు కింద ఒకటిగా కనబడి ఇంకో లైటు కింద విడిపోతాయి. అది కళ్ళ మోసం కాదు, భౌతికశాస్త్రమే.

24 గడుల కలర్ కార్డు ఒకటి కొనండి. చీర పక్కన పెట్టి ఒక షాట్, తర్వాత మామూలు షాట్. తర్వాత అన్నీ దానికి సరిచేయొచ్చు.

అనకాపల్లి_బెల్లం
2015లో ఒక గౌను ఫోటో ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా? మా ఇంట్లో నాకు నీలం-నలుపు, మా ఆవిడకి తెలుపు-బంగారం. ఇప్పటికీ తెగలేదు.

కంటిచూపు
అది నిజంగా నీలం-నలుపు గౌనే. ఫోటోలో లైటు ఎలాంటిదో ఆధారాలు సరిగా లేవు. నీడలో ఉందనుకున్న మెదడు నీలాన్ని తీసేసి తెలుపుగా చూసింది, పసుపు లైటు కింద ఉందనుకున్న మెదడు పసుపుని తీసేసి నీలంగా చూసింది. కిషోర్ గారు చెప్పిన "లైటుని తీసేసుకోవడం" ఇద్దరిలో రెండు దారుల్లో జరిగింది. కాబట్టి రంగు విషయంలో అందరి కన్నూ ఒకటే అనుకోవద్దు.

నాది కళ్ళద్దాలు, చూపు పరీక్షల పని. చర్చకి పనికొచ్చేవి ఒకట్రెండు చెబుతా.

మన రెటీనాలో రంగుని పట్టే శంకు కణాలు మూడు రకాలు. నీలం వైపు స్పందించేవి మిగతా రెండిటికంటే బాగా తక్కువ. చూపు మధ్యబిందువులో అయితే అవి దాదాపు లేవు. అందుకే నల్ల చీర మీద సన్న నీలం గీత కొంచెం దూరం నుంచి కనబడదు, అదే వెడల్పుతో తెల్ల గీత కనబడుతుంది. సన్నని వివరాల్ని మనం వెలుగు-నీడల తేడాతో పట్టుకుంటాం, రంగు తేడాతో అంత బాగా పట్టుకోలేం. జేపెగ్ ఫోటోలు సాధారణంగా ఇదే వాడుకుంటాయి. వెలుగుని వివరంగా దాచి, రంగుని ముతకగా దాచి సైజు తగ్గిస్తాయి. మీ కస్టమర్ పంపిన వాట్సాప్ ఫోటో పది చేతులు మారి వచ్చి ఉంటే మెరూన్ మీద సన్న ఎర్ర గీత ఎప్పుడో పోయి ఉంటుంది. డేటాబేస్‌లో ఆ గీత ఉన్నందుకు దూరం పెంచకూడదు.

దూరం సంగతీ అంతే. చిన్నచిన్న గళ్ళు చేతిలో పట్టుకుంటే గళ్ళు, పది అడుగుల నుంచి ఒకే రంగు. పెళ్ళి ఫోటో దూరం నుంచి తీసింది, షాపు ఫోటో దగ్గర నుంచి తీసింది. రెండిటినీ ఒకే చూపు దూరానికి తెచ్చి పోల్చాలి. అంటే పోల్చే ముందు షాపు ఫోటోని తగినంత చిన్నది చేయాలి.

పిక్సెల్_పంతులు
@కంటిచూపు ఇది బంగారం లాంటి మాట. దీనికి తోడు: బాలు గారు రంగుల్ని ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళలో) పోలుస్తున్నారా? అయితే వెంటనే ల్యాబ్‌కి మారండి. 1976లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన రంగుల లెక్క అది. ఒక అక్షం వెలుగు, ఒకటి ఎరుపు-ఆకుపచ్చ, ఒకటి పసుపు-నీలం. కంటికి సమానంగా కనబడే తేడా అంకెల్లో కూడా ఇంచుమించు సమానంగా రావాలన్నది దాని ఉద్దేశం. ఆర్‌జీబీలో ఆ హామీ లేదు. ఒకే అంకె దూరం ఉన్నా రెండు ఆకుపచ్చలు కవలల్లా ఉంటాయి, రెండు ముదురు రంగులు వేర్వేరుగా తెలిసిపోతాయి. ల్యాబ్ కూడా నీలాల దగ్గర తడబడుతుంది, దాన్ని సరిచేసిన 2000 నాటి డెల్టా ఈ అనే రంగుల తేడా సూత్రం ఉంది, కోడ్ లైబ్రరీల్లో రెడీగా దొరుకుతుంది.

గాజువాక_గిరి
ఇదంతా బాగుంది పంతులు గారూ, కానీ 2012లో అలెక్స్‌నెట్ అనే, ఫోటోలు చూసి తనే నేర్చుకునే నెట్‌వర్కు వచ్చాక ఇలా చేత్తో ఫీచర్లు చెక్కే పనికి కాలం చెల్లింది. క్లిప్ లాంటి మోడల్ 40 కోట్ల బొమ్మ-వాక్యం జతల మీద నేర్చుకుంది. మనం కూర్చుని అంచు వాలు కొలవడం ఎందుకు? వాళ్ళ షాపు చీరల మీద మోడల్‌ని కొంచెం తిరిగి ట్రైన్ చేస్తే అన్నీ అదే నేర్చుకుంటుంది.

పిక్సెల్_పంతులు
ఏం చూసి నేర్చుకుంటుంది గిరీ? "ఇది దానికి దగ్గర" అని చెప్పే మనిషి తీర్పులు కావాలి కదా. అవి లేకుండా ట్రైన్ చేస్తే చీరల రకాలు నేర్చుకుంటుంది, పోలిక నేర్చుకోదు.

పైగా ఈ నెట్‌వర్కుల చూపు మన చూపు కాదు. 2019లో గైర్హోస్ బృందం ఒక ప్రయోగం చూపించింది. పిల్లి ఆకారం, దాని మీద ఏనుగు చర్మం అతికించిన బొమ్మ. మనుషులు పిల్లి అన్నారు, ఇమేజ్‌నెట్ అనే ఫోటోల సేకరణ మీద నేర్చిన నెట్‌వర్కులు ఏనుగు అన్నాయి. మనం ఆకారానికి మొగ్గుతాం, అవి పైపొరకి, అంటే చర్మం, నేత లాంటి పైకి కనబడే తీరుకి మొగ్గుతాయి. చీరలో ఇది రెండువైపులా పదునున్న కత్తి. నేత, మెరుపు పట్టుకోవడంలో సాయపడుతుంది. బుటా మామిడిపిందా, నెమలా అన్నచోట దెబ్బతీస్తుంది. కస్టమర్ మామిడిపింద అడిగితే నెమలి చూపిస్తే ఊరుకోదు.

గాజువాక_గిరి
అదే బృందం, బొమ్మల పైపొరలు మార్చి మార్చి ట్రైన్ చేస్తే నెట్‌వర్కు ఆకారం వైపు మొగ్గుతుందని కూడా చూపించింది. ఆ సగం కూడా చెప్పండి. 2018లో జాంగ్ వాళ్ళ పని కూడా ఉంది: రెండు ముక్కల్లో అసలుకి ఏది దగ్గర అని మనుషుల్ని అడిగితే, ఈ లోతు నెట్‌వర్కుల లోపలి పొరల లెక్క పాత సూత్రాలకంటే వాళ్ళ జవాబులకి దగ్గరగా వచ్చింది. నెట్‌వర్కు ఫోటోని ఒకదాని తర్వాత ఒకటిగా పొరల్లో లెక్కిస్తుంది. చివరి పొర తీసుకుంటే "ఏముంది" వస్తుంది. మధ్య పొరలు తీసుకుంటే "ఎలా ఉంది" వస్తుంది. బాలు చివరి పొర తీసుకున్నాడు.

పిక్సెల్_పంతులు
ఇది ఒప్పుకుంటా. మధ్య పొరలు వాడమనే నేనూ అంటాను. రంగు మాత్రం విడిగా ల్యాబ్‌లోనే ఉంచండి. నెట్‌వర్కుకి ట్రైనింగ్‌లో రంగులు అటూ ఇటూ మార్చి చూపించడం మామూలు. లైటు మారినా పిల్లిని పిల్లి అనాలని. దానివల్ల రంగు తేడాల్ని పట్టించుకోకపోవడం దానికి అలవాటవుతుంది. మనకి రంగే ప్రాణం.

యారాడ_గాలి
మధ్యలో అడ్డొస్తున్నా. మా అమ్మమ్మ పెళ్ళిచీర ఫోటో ఒకటే ఉంది, నలుపు-తెలుపు. అలాంటి చీర మా చెల్లి పెళ్ళికి కావాలి. రంగే లేని ఫోటోతో ఈ పద్ధతి పనిచేస్తుందా?

కొంగు_అంచు
ఫోటో ఉంటే చాలమ్మా. అంచు ఎంత వెడల్పు, అంచులో గుడి గోపురం ఉందా, రుద్రాక్ష ఉందా, కొంగులో అడ్డగీతలు ఎలా ఉన్నాయి, ఒళ్ళు సాదానా గళ్ళా అన్నది చూస్తే ఏ ఊరి నేతో తొంభై వంతులు తెలుస్తుంది. రంగు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఎవరో ఒకరికి గుర్తుంటుంది, పెళ్ళిచీర రంగు మర్చిపోరు.

పిక్సెల్_పంతులు
@యారాడ_గాలి సిస్టమ్‌లో కూడా అదే. పోలికలో రంగుకిచ్చే ప్రాధాన్యం, అంటే బరువు, సున్నా చేసి, వెలుగు-నీడలూ గీతల దిశలూ మాత్రమే పోల్చడం. గీతల దిశల పోలిక మన మెదడు చేసే పనే. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపు మెదడులో ఒక్కో కణం ఒక్కో కోణంలో ఉన్న గీతకే స్పందిస్తుందని కనిపెట్టారు. 1981లో నోబెల్ వచ్చింది. కంప్యూటర్లో గాబర్ ఫిల్టర్లు ఆ పనినే అనుకరిస్తాయి. రకరకాల కోణాల్లో, రకరకాల వెడల్పుల్లో గీతలు వెతుకుతాయి. గళ్ళు, అడ్డచారలు, నిలువుచారలు దాంట్లో టక్కున విడిపోతాయి. 1978లో తమురా బృందం నేత తీరుని ముతకదనం, కాంట్రాస్ట్, దిశ లాంటి మనుషులు గుర్తించే గుణాలుగా విడగొట్టి కొలిచింది. బట్టకి అవి ఇప్పటికీ బాగా అమరుతాయి.

ఏటికొప్పాక_బొమ్మ
మాదీ ఇదే బాధ, సరుకు వేరు. లక్క బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. లక్క పూత నున్నగా మెరుస్తుంది కదా, ప్రతి బొమ్మ మీదా లైటు పడి తెల్ల చుక్క వస్తుంది. రంగుతో వెతికితే ఆ తెల్ల చుక్కలున్నవన్నీ ఒక గుంపు. మనిషి కంటికి ఆ చుక్క అసలు లెక్కలోకే రాదు.

కెమెరా_కిషోర్
@ఏటికొప్పాక_బొమ్మ లైటు ముందు పల్చటి తెల్లబట్ట అడ్డం పెట్టండి, లెన్స్‌కి పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) పెట్టండి. తెల్ల చుక్క చాలావరకు పోతుంది. పూర్తిగా తీసేయకండి, లక్క అందమే ఆ మెరుపు.

కొంగు_అంచు
మెరుపంటే గుర్తొచ్చింది. బాలు బాబు మొదట రాసిన నెమలికంఠం రంగు అసలు ఒక రంగు కాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. నీలం పడుగు, ఆకుపచ్చ పేక వేస్తే మడత దగ్గర నీలం తేలుతుంది, చదునుగా ఉన్నచోట ఆకుపచ్చ తేలుతుంది. కట్టుకుని నడుస్తుంటే మారుతుంటుంది. ఒక్క ఫోటోతో ఆ చీర ఎలా దొరుకుతుంది?

పిక్సెల్_పంతులు
ఒక్క సగటు రంగు తీస్తే దొరకదు. సగటు తీస్తే నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఏ చీరలోనూ లేని రంగొకటి వస్తుంది. అలాంటి చీరలకి రెండు రంగులు దాచాలి, మడతదొకటి, చదునుదొకటి. షాపులో రెండు కోణాల్లో ఫోటో తీయించగలిగితే ఇంకా మంచిది. కస్టమర్ ఫోటో ఏ కోణంలో ఉన్నా రెండిట్లో ఒకదానికి తగులుతుంది.

మానస_సైకాలజీ
ఇంత చర్చలోనూ ఒక విషయం మిగిలిపోయింది. అందరూ పోలిక అంటే రెండు బిందువుల మధ్య దూరం అని ఒప్పేసుకున్నారు. మనిషి మనసులో పోలిక అలా పనిచేయదని 1977లోనే ఏమోస్ ట్వర్‌స్కీ చూపించారు.

దూరం అయితే ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ఒకటే ఉండాలి. ఆయన జనాన్ని అడిగితే, ఉత్తర కొరియా చైనాకి ఎంత పోలి ఉందన్నదానికి వచ్చిన మార్కు, చైనా ఉత్తర కొరియాని ఎంత పోలి ఉందన్నదానికి వచ్చిన మార్కుకంటే ఎక్కువ. చీరల్లో చూడండి. "ఈ ఫ్యాన్సీ చీర అచ్చం కంచిపట్టులా ఉంది" అంటారు. కంచిపట్టు పట్టుకుని ఆ ఫ్యాన్సీ చీరలా ఉందని ఎవరూ అనరు. పక్కన ఏమున్నాయన్నదాన్ని బట్టి కూడా పోలిక మారుతుంది. మూడు ఎర్రచీరల మధ్య అంచులే కనబడతాయి. రంగురంగుల చీరల మధ్య ముందు రంగే కనబడుతుంది.

అందుకని "ఈ రెండూ పదికి ఎంత పోలి ఉన్నాయి" అని ఎవర్నీ అడగొద్దు. పొద్దున ఏడు వేసినవాళ్ళు సాయంత్రం ఐదు వేస్తారు. మూడు చీరలు చూపించి "మొదటిదానికి ఈ రెండిట్లో ఏది దగ్గర" అని అడగండి. జవాబు నిలకడగా వస్తుంది. 2023లో డ్రీమ్‌సిమ్ అనే పనిలో సుమారు 20 వేల ఇలాంటి మూడేసి బొమ్మల తీర్పులు సేకరించి, వాటితో మోడల్‌ని మనుషుల చూపుకి దగ్గర చేశారు.

గాజువాక_గిరి
మానస గారూ, మూడేసి పద్ధతికి నూటికి నూరు ఓటు. కానీ ఇటూ అటూ వేరన్న వాదన ఇక్కడ అక్కర్లేదనిపిస్తోంది. కస్టమర్ ఫోటో ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది, షాపు చీర ఎప్పుడూ రెండోవైపే. అటునుంచి ఇటు అడిగేవాళ్ళెవరు?

మానస_సైకాలజీ
సరిగ్గా అందుకే అక్కర్లేదనను. ట్వర్‌స్కీ లెక్కలో మూడు భాగాలు: రెండిట్లోనూ ఉన్నవి, మొదటిదాంట్లో మాత్రమే ఉన్నవి, రెండోదాంట్లో మాత్రమే ఉన్నవి. చివరి రెండిటికీ బరువు సమానం కాదు. కస్టమర్ అడిగిన చీరలో బుటాలుండి మీరు చూపించినదాంట్లో లేకపోతే "అది లేదే" అంటుంది. అడిగినదాంట్లో లేని చిన్న జరీ గీత మీ చీరలో అదనంగా ఉంటే చాలాసార్లు సర్దుకుంటుంది. రెండు వెక్టర్లు ఎంత దగ్గరో చెప్పే మామూలు కోసైన్ లెక్క రెండిటికీ ఒకే శిక్ష వేస్తుంది. ఎప్పుడూ ఒకవైపు నుంచే అడుగుతారు కాబట్టే ఆ తేడా ప్రతిసారీ తగులుతుంది.

కొంగు_అంచు
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మినహాయింపు, అంచు. సన్న అంచు అడిగినవాళ్ళకి పెద్దంచు చూపిస్తే "అదనంగా వచ్చిందిలే" అనుకోరు. పొట్టిగా ఉన్నవాళ్ళు పెద్దంచు కట్టుకుంటే ఇంకా పొట్టిగా కనిపిస్తామని భయపడతారు. అంచు వెడల్పు రెండువైపులా పట్టింపే.

గాజువాక_గిరి
సరే, ఇది ఒప్పుకోక తప్పదు. అంచుకి వేరే బరువు, మిగతావాటికి లేనిదానికి ఎక్కువ శిక్ష, అదనానికి తక్కువ శిక్ష. కోడ్‌లో నాలుగు లైన్లు.

బీచ్‌రోడ్_బాలు
అందరూ రాసింది పెట్టుకుని మళ్ళీ కట్టాను. ఫోటో రాగానే మనిషినీ వెనక గోడనీ తీసేస్తోంది. చీరని అంచు, ఒళ్ళు, కొంగు అని మూడు ముక్కలు చేస్తున్నాను. ఒక్కో ముక్కకి ల్యాబ్ రంగులు, గాబర్ గీతలు, నెట్‌వర్కు మధ్య పొర వెక్టర్ విడివిడిగా. స్క్రీన్ మీద ముందు ప్రశ్న కొంగు_అంచు గారిదే, "రంగు ముఖ్యమా, డిజైన్ ముఖ్యమా". నొక్కినదాన్ని బట్టి బరువులు మారతాయి.

తేడా కనబడుతోంది. ఇక్కత్‌కి ప్రింటు రావడం చాలా తగ్గింది. నెమలికంఠం ఇంకా సరిగా రావట్లేదు, రెండు కోణాల ఫోటోలు మళ్ళీ తీయించాలి.

ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, ఎనిమిది వేల ఫోటోలకి వేగంగా వెతకడానికి ఫైస్ లాంటి లైబ్రరీ పెట్టాలా? రెండు, మూడేసి చీరల ప్రశ్నలు ఎవర్ని అడగాలి, షాపు వాళ్ళనా, కస్టమర్లనా?

గాజువాక_గిరి
మొదటిదానికి: అక్కర్లేదు. 512 అంకెల వెక్టర్, అంకెకి 4 బైట్లు, ఎనిమిది వేల ఫోటోలు. మొత్తం 16 ఎంబీ. నీకు మూడు ముక్కలున్నాయి కాబట్టి 50 ఎంబీ అనుకో. అన్నిటితోనూ నేరుగా పోల్చినా ఫోన్లో రెప్పపాటు పని. లక్షల్లోకి వెళ్ళినప్పుడు చూసుకుందువుగాని.

మానస_సైకాలజీ
రెండోదానికి: ఇద్దర్నీ, కానీ విడివిడిగా దాచండి. సేల్స్ వాళ్ళ కన్ను తర్ఫీదు పొందిన కన్ను. నేత, అద్దకం, ఊరు చూస్తారు. కస్టమర్ రంగూ, మొత్తం కనబడే తీరూ చూస్తుంది. ఇద్దరి తీర్పులూ కలిపేస్తే ఎవరికీ చెందని సగటు వస్తుంది. కొనేది కస్టమర్ కాబట్టి ర్యాంకింగ్ ఆమె తీర్పులతో నేర్పండి. ప్రింటుకీ నేతకీ తేడా, కంచికీ దాని నకలుకీ తేడా లాంటివి సేల్స్ వాళ్ళ తీర్పులతో నేర్పండి.

ఒకే మూడు చీరల్ని ఎడమ-కుడి మార్చి కొన్నిసార్లు మళ్ళీ అడగండి. జవాబు మారితే ఆ ప్రశ్న పక్కన పెట్టేయండి.

కంటిచూపు
మగ కస్టమర్ల జవాబులు తీసుకుంటే ముందు రంగుల పరీక్ష బొమ్మలు చూపించండి. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియని లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది కాబట్టి మగవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

అనకాపల్లి_బెల్లం
మా ఆవిడతో షాపింగ్‌కి వెళ్ళినప్పుడు "ఈ రెండూ ఒకే రంగు కదా" అన్నందుకు నేను పడ్డ మాటలకి ఇన్నాళ్ళకి శాస్త్రీయ కారణం దొరికింది. పరీక్ష చేయించుకుంటా.

కంటిచూపు
చేయించుకోండి, ఐదు నిమిషాల పని. ఉల్లిపొర రంగుకీ గులాబీకీ తేడా తెలియకపోతే అది మాత్రం లోపం కాదు, అలవాటు లేకపోవడం.

పిక్సెల్_పంతులు
బాలు గారూ, ఒకటి జోడించండి. పది ఫలితాలు చూపించాక కస్టమర్ ఒకదాని మీద నొక్కి "ఇలాంటివి ఇంకా" అనే వీలుండాలి. ఆ నొక్కినదాన్ని బట్టి బరువులు అప్పటికప్పుడు సర్దుకోవాలి. నొక్కినవన్నీ సన్న అంచువైతే అంచు బరువు పెరగాలి. 1990ల చివర్లోనే రుయ్, హువాంగ్ వాళ్ళు బొమ్మల వెతుకులాటలో ఇది చేసి చూపించారు. ఆమెకి ఏం కావాలో మాటల్లో చెప్పలేకపోయినా వేలితో చెబుతుంది.

కొంగు_అంచు
కౌంటర్లో మేము చేసేదీ ఇదే. నాలుగు చీరలు పరుస్తాం, ఏది చేత్తో తడుముతుందో చూస్తాం, దాని పక్కవి తీస్తాం. వద్దని పక్కకి నెట్టినవి కూడా గుర్తుపెట్టుకుంటాం బాబూ. అది కూడా రాయించు.

బీచ్‌రోడ్_బాలు
రాయిస్తానండీ. "వద్దు" బటన్ ఇవాళే పెడుతున్నా. కిషోర్ గారూ, కలర్ కార్డుతో పాటు నెమలికంఠం చీరలకి రెండు కోణాల ఫోటోలు తీయడానికి ఎంత తీసుకుంటారో మెసేజ్ పెట్టండి. ముందు డబల్ షేడ్ చీరలు మాత్రం తీయిద్దాం.

కెమెరా_కిషోర్
పెట్టాను చూడండి. షాపులో లైట్ల కింద తీయను, మేడ మీద షామియానా కింద పగటి వెలుతురులో తీద్దాం. పదకొండు లోపు మొదలెడితే మంచిది.

యారాడ_గాలి
బాలు గారూ, అమ్మమ్మ చీర రంగు తెలిసింది. పెద్ద మామ్మ చెప్పింది, వంగపండు రంగు ఒళ్ళు, ఆవపువ్వు పసుపు అంచు. ఫోటో స్కాన్ చేసి పంపిస్తా. మీ సిస్టమ్‌లో ఒళ్ళుకీ అంచుకీ రంగు చేత్తో ఇచ్చే వీలుందా?

బీచ్‌రోడ్_బాలు
ఇప్పటిదాకా లేదు, పెట్టడం కష్టం కాదు. అంచు, ఒళ్ళు ముక్కలు విడిగా ఉన్నాయి కాబట్టి రంగు మీరివ్వండి, నేత తీరు ఫోటోలోంచి తీసుకుంటుంది. స్కాన్ కాస్త పెద్ద సైజులో చేయించండి, వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.